చెప్పులు విడిచే ఇంటికి ఇనుపకట్టె ఎందుకు?

ముందే చెప్పేస్తున్నా, ఇది ఇంటి అలంకరణ చిట్కాల టపా కాదు. పేచీ టపా. సొంతూళ్ళో ఇల్లు కడుతూ నేలకి బ్రెజిల్ చెక్క పరిపించాలని ముచ్చటపడుతున్న సాఫ్ట్‌వేర్ సోదరులతో నాకున్న పేచీ. వాళ్ళలో సగం మంది నాకు చుట్టాలే కాబట్టి ఈ టపా తర్వాత గృహప్రవేశాలకి పిలుపులు తగ్గినా తగ్గొచ్చు. పర్లేదు :)

మాది ఉప్పునుంతల. అచ్చంపేట పక్కన. పాత మహబూబ్‌నగర్ జిల్లా, 2016 అక్టోబర్ నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. 'పాలమూరు లేబర్' అని దేశమంతా పేరుపడ్డ వలస కూలీల గడ్డ. డ్యాములు, రోడ్లు, హైదరాబాదు అపార్ట్‌మెంట్లు... ఊళ్ళు వదిలి వెళ్ళి మా వాళ్ళు పరాయి వాళ్ళకి కట్టనిది లేదు. అలాంటి చోట ఇవాళ సొంత ఇళ్ళు లేస్తున్నాయంటే నాకంటే సంతోషించేవాడు ఉండడు. హైటెక్ సిటీలోనో, డల్లాస్‌లోనో సంపాదించిన పైసలు ఊరికి తిరిగొస్తున్నాయి. కట్టుకోండి. పెద్దగానే కట్టుకోండి. నా పేచీ ఇంటితో కాదు, నేలతో.

సంగతేంటంటే, మా చిన్నాయన కొడుకు ఒకడు టెక్సస్‌లో ఉంటాడు. ఊళ్ళో డూప్లెక్స్ కట్టిస్తున్నాడు. కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఓ కొటేషన్ పెట్టాడు. హాలుకీ, రెండు పడకగదులకీ 'బ్రెజిలియన్ వాల్‌నట్' నేల. కింద ఇరవై బొటనవేళ్ళు. "ఎట్లుందన్నా?" అని నన్ను ప్రత్యేకంగా అడిగాడు. అదే నెలలో ఆఫీసులో ఇద్దరు, ఒకాయనది వనపర్తి, ఇంకొకాయనది గద్వాల, ఇదే చెక్క గురించి అడిగారు. అంటే ఇది ఒకడి ముచ్చట కాదు, అంటువ్యాధి. అందుకే తమ్ముడికి ఫోన్లో చెప్పాల్సింది అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ పేర్ల సంగతి తేల్చుకుందాం.

'బ్రెజిలియన్ వాల్‌నట్' అనేది వాల్‌నట్ కాదు. దాని అసలు పేరు ఇపే. 'బ్రెజిలియన్ టీక్' టేకు కాదు, కుమారు అనే చెట్టు. 'బ్రెజిలియన్ చెర్రీ'కీ చెర్రీకీ ఏ చుట్టరికమూ లేదు, అది జటోబా. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో బ్రెజిలియన్ టీక్‌లో టేకు అంత. మనకి తెలిసిన చెట్టు పేరు పెడితే ధైర్యంగా కొంటామని వ్యాపారులు తగిలించిన పేర్లివి. ఒక వస్తువుని దాని సొంత పేరుతో అమ్మడానికి అమ్మేవాడే మొహమాటపడుతున్నాడంటే కొనేవాడు కాస్త ఆగి ఆలోచించాలి కదా?

ఇక వాదనలు. మా తమ్ముడు, ఆఫీసు మిత్రులు చెప్పినవన్నీ కలిపితే అయిదు తేలాయి. ఒక్కొక్కటే చూద్దాం.

1. "అన్నా, అది శానా గట్టిది"

నిజం. అబద్ధం చెప్పను. ఇపే ఘనపు మీటరు వెయ్యి కిలోల పైనే తూగుతుంది. అంటే నీళ్ళలో వేస్తే మునుగుతుంది. మన టేకు సుమారు 650 కిలోలు. షోరూముల వాళ్ళు చూపించే జంకా అంకెలు కూడా నిజమే. టేకు సుమారు 1,070, అమెరికా వాళ్ళ రెడ్ ఓక్ 1,290, కుమారు 3,300 పైన, ఇపే సుమారు 3,500. పెద్ద అంకె చూడగానే మన ఐటీ వాళ్ళకి కళ్ళు మెరుస్తాయి. బెంచ్‌మార్క్ కదా!

కానీ ఆ బెంచ్‌మార్క్ దేన్ని కొలుస్తుందో ఎవరైనా అడిగారా? సుమారు 11 మిల్లీమీటర్ల ఉక్కు గుండుని సగం వరకు చెక్కలోకి దిగ్గొట్టడానికి ఎన్ని పౌన్ల బలం కావాలో కొలుస్తుంది. అంతే. బూట్లతో, హీల్స్‌తో ఇల్లంతా తిరిగే వాళ్ళకి, పెంపుడు కుక్క గోళ్ళతో గీరే ఇళ్ళకి పనికొచ్చే కొలత అది. మనం చెప్పులు గడప బయట విడిచి లోపలికొచ్చే జనం. ఉత్తకాళ్ళతో నడుస్తాం. ఉత్తకాళ్ళ కింద ఏ చెక్కా సొట్టపోదు. పని భారం ఏంటో రాసుకోకుండా బెంచ్‌మార్క్‌లో పెద్ద అంకె ఉందని సర్వర్ కొనేవాణ్ణి మనం టీములో ఏమంటాం? ఇంటి విషయంలో మాత్రం అదే పని మనం గర్వంగా చేస్తాం.

గట్టిదంటే కదలనిది అనుకోవడం ఇంకో పొరపాటు. కట్టె గాల్లో తేమ తాగి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. బరువైన కట్టెలు మామూలుగా ఇంకాస్త ఎక్కువ కదులుతాయి. ఇపే పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి అడ్డంగా 7 శాతం పైన కుంచించుకుపోతుంది. టేకు 5 శాతం పైచిలుకు. అడవి నుంచి మన ఇంటికొచ్చే లోపు చాలా మటుకు ఎండిపోతుంది గానీ, ఆ తర్వాత కూడా ఋతువుని బట్టి తేమ మారుతూనే ఉంటుంది.

లెక్క చూద్దాం. మా ప్రాంతంలో మే నెల అంటే 42 డిగ్రీలు, ఎండిపోయిన గాలి. ఆగస్టు అంటే ముసురు. ఈ రెండింటి మధ్య కట్టెలో తేమ 6 శాతం మారిందనుకోండి, ఇది పెద్ద ఊహేమీ కాదు. ఇపే పలక వెడల్పులో సుమారు 1.4 శాతం తేడా వస్తుంది. అయిదంగుళాల పలకకి దాదాపు రెండు మిల్లీమీటర్లు. పన్నెండు అడుగుల గదికి మొత్తం కూడితే రెండంగుళాలు! మేకులు, జిగురు, పాలిష్ ఈ కదలికని కొంత ఆపుతాయి, కొంత ఆలస్యం చేస్తాయి. లేకుండా చేయలేవు. ఎండాకాలం సందులు, వానాకాలం ఉబ్బులు. సందుల్లో ఏం చేరుతుందో చెప్పక్కర్లేదు. పోపుగింజల నుంచి పిల్లల బలపాల దాకా అన్నీ.

ఈ లెక్క మా ఊరి వడ్లాయనకి ఏ అంకెలూ లేకుండానే తెలుసు. డెబ్భై దాటిన మనిషి. "తాతా, నేలకు కట్టె పరిస్తే ఎట్లుంటది?" అని అడిగితే నవ్వాడు. "కట్టెను నిలవెట్టాలె బిడ్డా, పండవెడితే తడి తాగుతది. వానకాలం దర్వాజ పట్టేస్తది, సూస్తలేవా? గదే పని నేల జేస్తది" అన్నాడు. అంతకంటే చక్కగా నేను చెప్పలేను.

2. "వందేళ్ళుంటది, చెదలు పట్టవు"

ఇది కూడా నిజమే. ఇపేని చెదలు సులువుగా తినలేవు. ఎండావానల్లో దశాబ్దాలు నిలుస్తుంది. అందుకే న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో సముద్రం ఒడ్డున జనం నడిచే చెక్కబాటకి దాన్నే వాడారు. కానీ ఆ న్యూయార్క్ నగరమే 2008లో, మేయర్ బ్లూంబర్గ్ హయాంలో, ఉష్ణమండలపు గట్టి కట్టె వాడకం తగ్గించుకుంటామని ప్రణాళిక ప్రకటించింది. సముద్రపు ఉప్పుగాలిలో, వానలో, లక్షల బూట్ల కింద ఉండే బాటకే అది అవసరమా అని వాళ్ళు ఆలోచించారు. మనం నలుగురు నడిచే పడకగదికి కావాలంటున్నాం.

వందేళ్ళు నిలవడం గొప్పే. అయితే మా ఊళ్ళల్లో వందేళ్ళుగా నిలిచిన నేలలు ఇప్పటికే ఉన్నాయి. వాటిని బండలు అంటారు. చెదలు వాటినీ తినలేవు :)

3. "అమెరికాలో అందరూ వేయించుకుంటరు"

ఇదే అసలు వాదన. మిగతావన్నీ దీనికి తొడిగిన చొక్కాలు.

అమెరికాలో ఇల్లంటే చాలా చోట్ల చెక్క చట్రం. నేల కింద కూడా చెక్క దూలాలు, వాటి మీద ప్లైవుడ్. చలికాలం హీటరు, ఎండాకాలం ఏసీ, ఏడాది పొడుగునా తలుపులు మూసి ఇంట్లో గాలిని ఒక పద్ధతిలో ఉంచుతారు. నేలని తడిగుడ్డతో ఒత్తడం కూడా భయంభయంగా చేస్తారు. చలిదేశంలో కాలికి వెచ్చగా తగిలే నేల సుఖం. అక్కడ చెక్క నేల తెలివైన పనే, కాదనను.

మరి మన ఇల్లు? భూమి మీద పునాది, మొరం నింపి కాంక్రీటు, కింద నుంచి చెమ్మ. కిటికీలు తెరిచే ఉంటాయి. పండక్కి బకెట్లకి బకెట్లు నీళ్ళు గుమ్మరించి కడుగుతాం. నేల మీదే కూర్చుని తింటాం, పచ్చళ్ళు కలుపుతాం, పసుపు కొడతాం, దీపాల నూనె ఒలకబోస్తాం. మే నెల మధ్యాహ్నం ఉత్త నేల మీద చాప కూడా లేకుండా పడుకుంటాం. రాయి ఒంట్లో వేడిని చెక్క కంటే ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తుంది కాబట్టే ఆ చల్లదనం. చెక్క నేల ఆ ఒక్క సుఖాన్నీ తీసేస్తుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఏసీ పెట్టుకుంటాం. ఒక డిపెండెన్సీ కోసం ఇంకో డిపెండెన్సీ!

ఇంకో మాట. కోపగించుకోకండి. ఈ ఇళ్ళల్లో ఎవరుంటారు? ఏడాదికి మూడు వారాలు మీరు. మిగతా నలభై తొమ్మిది వారాలు ఓ గదిలో అమ్మానాన్న. మిగతా గదులకి తాళం. తాళం వేసిన గదిలో వానాకాలమంతా ఏసీ ఎవరు నడుపుతారు? మోకాళ్ళ నొప్పుల అమ్మ ఆ నేలని ఏ ద్రావణంతో తుడవాలో టెక్సస్ నుంచి వీడియో కాల్‌లో నేర్పిస్తారా? ఇల్లు ఎవరికోసమో వాళ్ళని అడిగారా? రిక్వైర్‌మెంట్స్ రాసేటప్పుడు వాడుకరితో మాట్లాడాలని మనకి మొదటి వారంలోనే చెప్తారు.

4. "సర్టిఫికెట్ ఉంది, అంతా లీగలే"

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇపే మన టేకు తోటలా వరసగా నాటి పెంచే చెట్టు కాదు. అమెజాన్ అడవిలో అక్కడొకటి ఇక్కడొకటి ఉంటుంది. హెక్టారుకి ఒకటి కూడా ఉండదు. ఆ ఒక్క చెట్టు కోసం అడవిలోకి దారి కొడతారు. దారి పడ్డాక దాని వెనకే పశువుల వాళ్ళు, భూముల వాళ్ళు వస్తారు. చెట్టు ఒకటే పోదు, అడవికి గేటు తెరుచుకుంటుంది.

కాగితాల సంగతి. బ్రెజిల్‌లో చెట్టు కొట్టాలంటే ఏ చెట్లు ఎక్కడున్నాయో జాబితా ఇచ్చి అనుమతి తెచ్చుకోవాలి. పారా రాష్ట్రంలో ఆ జాబితాల్లో లేని ఇపే చెట్లని ఉన్నట్టు రాస్తున్నారని 2018లో గ్రీన్‌పీస్ ఒక నివేదికలో బయటపెట్టింది. చచ్చిపోయినోళ్ళ పేర్ల మీద రేషన్ బియ్యం తీసుకున్నట్టన్నమాట. లేని చెట్టు పేరు మీద కాగితం పుడుతుంది. ఆ కాగితం తీసుకెళ్ళి అక్రమంగా నరికిన చెట్టుకి తొడుగుతారు. కాగితం అసలుదే. చెట్టే దొంగది. డేటాబేసులోకి చెత్త వెళ్తే ఎంత అందమైన రిపోర్టు తీసినా చెత్తే కదా.

ఈ సంగతి ప్రపంచం గుర్తించింది కాబట్టే 2022 నవంబర్లో పనామాలో జరిగిన సైటిస్ సమావేశంలో ఇపేనీ, కుమారునీ రెండో అనుబంధంలో చేర్చారు. 2024 నవంబర్ 25 నుంచి అది అమల్లోకి వచ్చింది. అంటే ఎగుమతి చేసే దేశం ఒక్కో సరుకుకీ అనుమతి పత్రం ఇవ్వాలి. హైదరాబాదులో మేమిద్దరం వెళ్ళిన ఓ షోరూములో, పేరెందుకులెండి, ఆ పత్రం నంబరు చూపించమన్నాను. కుర్రాడు ముందు కాటలాగ్ చూపించాడు. తర్వాత వారంటీ కార్డు చూపించాడు. చివరికి కాఫీ ఇచ్చాడు.

పెద్ద కంపెనీ దగ్గర కొంటే సరిపోతుందా? లంబర్ లిక్విడేటర్స్ అని అమెరికాలో చెక్క నేలలమ్మే అతి పెద్ద గొలుసు దుకాణాల్లో ఒకటి ఉండేది. అక్రమంగా నరికిన కట్టె దిగుమతి చేసుకున్న కేసులో 2015లో నేరం ఒప్పుకుంది. 2016లో సుమారు కోటీ ముప్ఫై లక్షల డాలర్లు కట్టింది. ఆ కట్టె చైనాలో పలకలైంది గానీ, పుట్టింది రష్యా తూర్పు కొసన, సైబీరియా పులులు తిరిగే అడవుల్లో. చుట్టాలింట్లో మనం మెచ్చుకున్న నేల కింద ఏ పులి ఇల్లుందో ఎవరికి తెలుసు?

'సరే, బర్మా టేకు వేయిస్తా' అంటారా. బర్మా 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతిని నిషేధించింది. 2021 ఫిబ్రవరిలో అక్కడ సైన్యం గద్దెనెక్కాక, కలప మీద పెత్తనం చేసే ప్రభుత్వ సంస్థ మీద అమెరికా అదే ఏప్రిల్లో ఆంక్షలు పెట్టింది. ఆ టేకు డబ్బు ఎవరి తుపాకీలకి పోతుందో అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

5. "నా పైసలు, నా ఇష్టం"

ఇది ఆఖరి అస్త్రం. దీనికి జవాబు మన రాష్ట్రాల్లోంచే చెప్తాను.

ఎర్రచందనం గురించి మనందరికీ తెలుసు. ప్రపంచంలో అది సహజంగా పెరిగేది దాదాపుగా ఒక్క శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లోనే. కడప, చిత్తూరు, నెల్లూరు వైపు. 1995 నుంచి అదీ సైటిస్ రెండో అనుబంధంలోనే ఉంది, ఇప్పుడు ఇపే ఉన్న అదే జాబితాలో. అయినా నరుకుడు ఆగలేదు. ఎందుకని? చైనాలో దాంతో చేసిన కుర్చీ, బల్ల ఇంట్లో ఉంటే హోదా. కొనేవాడు దూరంగా, మర్యాదగా, డబ్బు కట్టి రసీదు తీసుకుంటాడు. వాడి దృష్టిలో వాడు ఏ తప్పూ చేయలేదు. ఇక్కడ మాత్రం 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో ఒక్కరోజే 20 మంది తమిళ కూలీలు పోలీసు కాల్పుల్లో చచ్చిపోయారు. వాళ్ళు స్మగ్లర్లు కాదు, రోజుకూలీకి గొడ్డలి పట్టినవాళ్ళు అని ఒకరు, అలాంటి వాళ్ళే అడవికి శత్రువులు అని ఒకరు, మనమంతా టీవీల ముందు కూర్చుని గంటలు గంటలు వాదించుకున్నాం. కుర్చీ కొన్నవాడి గురించి ఎంతమంది మాట్లాడారు?

అప్పుడు మనం ఏమన్నాం? 'వాడు కొనబట్టే కదా ఇక్కడ నరుకుతున్నారు' అన్నాం. సరిగ్గా అన్నాం. మరి పారా అడవుల్లో ఉన్నవాడికి మనం ఎవరం? శేషాచలానికి చైనా కుర్చీవాడు ఎలాగో, అమెజాన్‌కి మనం అలాగ. అక్కడా మనుషులు చస్తున్నారు. 2005 ఫిబ్రవరిలో అదే పారా రాష్ట్రంలో, అడవి మీద బతికే బీద రైతుల పక్షాన నిలబడ్డ డొరొతీ స్టాంగ్ అనే 73 ఏళ్ళ సన్యాసినిని కాల్చి చంపారు. దూరంగా జరిగితే నా పైసలు నా ఇష్టం, దగ్గర్లో జరిగితే అన్యాయం... ఇదెక్కడి న్యాయం?

దగ్గర్లో అంటే గుర్తొచ్చింది. 2019. మా అచ్చంపేట దాటి మన్ననూరు చెక్‌పోస్ట్ దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అందులో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం తవ్వి చూడ్డానికి ఆ ఏడు మే నెలలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరేనంది. చెంచు పెంటల నుంచి హైదరాబాదు దాకా జనం లేచారు. సినిమావాళ్ళు, విద్యార్థులు, మనం అందరం 'సేవ్ నల్లమల' అన్నాం. సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానం చేసింది. ఇప్పుడు కొటేషన్ పెట్టిన తమ్ముడు ఆ రోజుల్లో మూడు నెలలు తన ఫోటో తీసేసి ఆకుపచ్చ బొమ్మ పెట్టుకున్నాడు. నిజాయితీగానే పెట్టుకున్నాడు, నాకు తెలుసు.

తమ్మీ, అడుగుతున్నా. నల్లమలలో మన చెంచులుంటే, అక్కడ వాళ్ళ చెంచులున్నారు. మన అడవికి గేటు తెరవొద్దని అరిచిన నోటితోనే వాళ్ళ అడవికి తెరిచిన గేటులోంచి వచ్చిన చెక్క బాగుందని ఎట్లా అంటావు? అడవి మీద ప్రేమంటే మన మండలం సరిహద్దు దాకేనా?

సరే, మరి ఏం వేయించుకోవాలి?

తిట్టి వదిలేయడం నాకూ ఇష్టం ఉండదు. మూడు మాటలు చెప్తా.

ఒకటి, నేలకి బండలు. తాండూరు ఉంది, షాబాదు ఉంది, కడప నల్లరాయి ఉంది, బేతంచెర్ల ఉంది. కొలిమిలో కాల్చే పని లేదు, సముద్రం దాటే పని లేదు. పాలిష్ పట్టించిన తాండూరు నీలం బండ ముందు ఏ ఇటలీ పాలరాయి నిలబడుతుందో చూపించండి. ఇవి సున్నపురాళ్ళు కాబట్టి నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికితే వెంటనే తుడవాలి. బాత్రూం యాసిడ్ మాత్రం చస్తే వాడొద్దు, మెరుపు పోతుంది. నిర్వహణ మొత్తం ఇంతే. పరిచేటప్పుడు మంచి సుతారిని పట్టుకోండి. వాలు, సందులు సరిగ్గా వస్తే మీ మనవలు కూడా దాని మీదే ఆడుకుంటారు.

రాయి పుణ్యాత్మురాలు అనట్లేదు. క్వారీల దుమ్ము కూలీల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. పనికిరాని రాళ్ళ గుట్టలు తాండూరు దారిలో కనిపిస్తూనే ఉంటాయి. కానీ అది మన కళ్ళ ముందు ఉంది. వెళ్ళి చూడొచ్చు, అడగొచ్చు, కొట్లాడొచ్చు. మన పాపం మనకి కనపడేంత దూరంలో ఉండాలి. అప్పుడే దాన్ని తగ్గించుకునే ఆశ ఉంటుంది.

రెండు, కట్టె మీద మోజు తీరకపోతే పాత కట్టె కొనండి. మా ఊళ్ళో గత పదేళ్ళలో ఎన్ని మట్టి మిద్దెలు కూలగొట్టారో లెక్క లేదు. ఒక్కో మిద్దెలో ఎన్ని దూలాలు, ఎన్ని దంతెలు, ఎన్ని స్తంభాలు! టేకు, నల్లమద్ది, నారేపి. మన నల్లమల నారేపి కూడా నీళ్ళలో మునిగేంత బరువైన కట్టే. ఇనుపకట్టె కావాలంటే మన దగ్గరా ఉంది. తాతల కాలంలోనే నరికిన చెట్లవి, ఇవాళ కొత్తగా ఏ చెట్టూ పడక్కర్లేదు. దశాబ్దాలు ఇంటి కప్పు కింద ఎండి ఎండి, ఇక ఆడాల్సిన ఆటంతా ఆడేసిన కట్టె. అది ఏమవుతోందో తెలుసా? కొంత పాత కలప వ్యాపారులకి కారుచౌకగా పోతోంది. మిగతాది పొయ్యిల్లోకి, బట్టీల్లోకి. తాత కొట్టించిన దూలం పొయ్యిలోకి పంపి, బ్రెజిల్ దుంగని ఓడలో తెప్పించుకోవడం... దీన్ని ఏమంటారో మీరే చెప్పండి.

ఆ దూలాలు కోతమిషన్‌లో కోయిస్తే దర్వాజాలు, మెట్ల పలకలు, ఊయల బల్ల, పూజగది తలుపులు అన్నీ వస్తాయి. మేకులు మాత్రం ముందే ఏరించండి, లేకపోతే మిషన్ రంపం పోతుంది. వడ్లాయన చెప్పినట్టు కట్టెని నిలబెట్టండి, పండబెట్టకండి.

మూడు, కొత్త కట్టే కావాలంటే రైతుల గట్ల మీది టేకు కొనండి. మా వైపు పొలం గట్లకి టేకు పెట్టినవాళ్ళు చాలామంది. 2015లో హరితహారం మొదలయ్యాక ఇంకా పెట్టారు, అవి ఎదగడానికి టైం పడుతుంది గానీ అంతకు ముందువి ఉన్నాయి. సొంత పొలంలో చెట్టయినా కొట్టాలంటే వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి, బండెక్కించాలంటే అటవీశాఖ పర్మిట్ కావాలి. రెండు సార్లు ఆఫీసు చుట్టూ తిరగాలి, నిజమే. కానీ ఆ డబ్బు పక్క ఊరి రైతు బిడ్డ పెళ్ళికో, బోరు బావికో పోతుంది. ఆ చెట్టు ఏ గట్టు మీద పెరిగిందో మీరు వేలు పెట్టి చూపించగలరు. సర్టిఫికెట్ అంటే అదీ.

ఇంత చెప్పినా ఇపేనే వేయిస్తానంటే, కనీసం మూడు ప్రశ్నలు అడిగి వేయించండి. చెట్టు అసలు పేరేంటి? ఏ దేశంలో, ఏ అడవిలో కొట్టారు? సైటిస్ అనుమతి పత్రం కాపీ ఏది? మూడింటికీ కాగితం మీద జవాబు వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి. ప్రొడక్షన్‌లోకి ఊరూ పేరూ లేని లైబ్రరీ ఒకటి పెడతానంటే మన ఆర్కిటెక్టు ఒప్పుకుంటాడా? జీవితంలో ఒక్కసారి కట్టుకునే ఇంటికి అంతపాటి రివ్యూ అయినా చేసుకోవద్దా?

హోదా కోసమే అయితే, మా వైపు హోదా ఎప్పుడూ గడప దగ్గర, దర్వాజ చెక్కడంలో ఉండేది. వచ్చినవాడు తలెత్తి చూసేది దాన్నే. నేలని ఎవరూ చూడరు, కూర్చుంటారు. కూర్చున్నప్పుడు చల్లగా ఉంటే చాలు.

వ్యాఖ్యల్లో తిట్టదలచుకున్నవాళ్ళు నిరభ్యంతరంగా తిట్టండి. కాకపోతే తిట్టే ముందు మీ నేల ఏ చెట్టుదో, ఎక్కడిదో రాసి తిట్టండి.